ఫ్లూ జ్వరంలో తగ్గిన రక్తకణాలు: ఆ రిపోర్టును ఎలా చదవాలి?

ప్రశ్న: మా మామగారి వయసు 63. పన్నెండేళ్లుగా షుగర్ ఉంది. మూడేళ్ల కిందట గుండెకు స్టెంటు వేశారు. పోయిన వారం జ్వరం, పొడిదగ్గు, ఒళ్లునొప్పులు మొదలయ్యాయి. రెండో రోజు ఊళ్లోనే ఒక ఇంజెక్షన్ చేశారు. నాలుగో రోజు పట్నం తీసుకెళ్తే ఫ్లూ అని, హెచ్3ఎన్2 రకమని తేలింది. డెంగీ, మలేరియా లేవన్నారు. రక్తకణాల లెక్క చెప్పే సీబీపీ పరీక్షలో తెల్లకణాలు 3,200, అందులో న్యూట్రోఫిల్స్ 65 శాతం, లింఫోసైట్లు 24, మోనోసైట్లు 11, ఇసినోఫిల్స్ సున్నా. హిమోగ్లోబిన్ 13.4, ప్లేట్‌లెట్లు 1,18,000. అడుగున ‘రియాక్టివ్ లింఫోసైట్లు ఉన్నాయి’ అని రాశారు. ఏడో రోజు ఇంటి దగ్గరే రక్తం తీయించి వేరే ల్యాబుకు పంపాం. తెల్లకణాలు 4,300, లింఫోసైట్లు 34 శాతం, ప్లేట్‌లెట్లు 68,000 వచ్చాయి. ‘ప్లేట్‌లెట్లు గుంపులుగా ఉన్నాయి’ అని కూడా రాశారు. జ్వరం తగ్గింది, దగ్గు, నీరసం ఉన్నాయి. ఫోనులో వెతికితే బ్లడ్ క్యాన్సర్ అని కనిపించింది. రక్తం పలుచబడుతుందని మా వారు ఆస్పిరిన్ ఆపేశారు. బంధువులు ప్లేట్‌లెట్లు ఎక్కించమంటున్నారు, బొప్పాయి ఆకు రసం పోయమంటున్నారు. అసలు వైరస్ ఊపిరితిత్తుల్లో ఉంటే రక్తం ఎందుకు ఇలా అయింది?
– ఒక పాఠకురాలు, ఖమ్మం జిల్లా

సమాధానం: మీ ఉత్తరంలో నన్ను అన్నిటికంటే ఎక్కువ కలవరపెట్టింది ఆస్పిరిన్ ఆపేశారన్న మాట. మిగతాది తర్వాత తీరిగ్గా చదువుకోవచ్చు. ముందు స్టెంటు వేసిన డాక్టరుకు గానీ, ఇప్పుడు వైద్యం చేస్తున్న డాక్టరుకు గానీ ఫోన్ చేయండి. మాత్ర ఆపిన సంగతి, 68,000 అనే అంకె, దాని పక్కన రాసిన ‘గుంపులు’ అన్న మాట, మూడూ చెప్పండి. ఎందుకింత తొందరపెడుతున్నానంటే, ఫ్లూ సోకిన తొలి వారంలో గుండెపోటు ముప్పు మామూలు రోజులకంటే దాదాపు ఆరు రెట్లు ఉంటుందని కెనడాలోని ఒంటారియోలో రోగుల వివరాలు పరిశీలించి 2018లో తేల్చారు. జ్వరంతో ఒళ్లంతా వాపు గుణంలో ఉన్నప్పుడు రక్తనాళాల్లో గడ్డలు తేలిగ్గా ఏర్పడతాయి. స్టెంటు ఉన్న మనిషికి సరిగ్గా ఆ రోజుల్లోనే రక్షణ మాత్ర ఆగిపోవడం నాకు భయం కలిగిస్తోంది. మళ్లీ ఎప్పుడు మొదలుపెట్టాలో ఆయన్ను చూస్తున్న డాక్టరే చెప్పాలి. అయితే ప్లేట్‌లెట్లు నిజంగానే 68,000 ఉన్నా, ఎక్కడా రక్తం కారకపోతే, స్టెంటు ఉన్నవారికి ఆస్పిరిన్ కొనసాగించమనే గుండె డాక్టర్లే ఎక్కువ.

పైగా ఆ 68,000 నిజమైన అంకె కాకపోవచ్చు.

రక్తం తీసి పోసిన ఊదారంగు మూత గొట్టం మీరు చూసే ఉంటారు. రక్తం గడ్డకట్టకుండా అందులో ఈడీటీఏ అనే రసాయనం ఉంటుంది. కొందరి రక్తంలో ఈ రసాయనం తగలగానే ప్లేట్‌లెట్లు ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఒంట్లో అలా జరగదు, గొట్టంలోనే జరుగుతుంది. నరం దొరక్క సూదిని అటూ ఇటూ తిప్పి మెల్లగా లాగినా, గొట్టాన్ని వెంటనే నెమ్మదిగా తలకిందులు చేసి కలపకపోయినా ఇదే పరిస్థితి. ల్యాబులోని యంత్రం కణాలను ఒక్కొక్కటిగా సన్నని రంధ్రం గుండా పంపి, పరిమాణాన్ని బట్టి ఇది ఫలానా కణం అని లెక్కిస్తుంది. పది ప్లేట్‌లెట్లు ముద్దగా వస్తే దానికి పది కనిపించవు. ఆ ముద్దను వదిలేస్తుంది, లేదా తెల్లకణంగా జమ చేసుకుంటుంది. రక్తం తీశాక ఆలస్యమయ్యేకొద్దీ గుంపులు పెరిగి అంకె ఇంకా పడిపోతుంది. మీరు ఇంటి దగ్గర తీయించి వేరే ల్యాబుకు పంపామన్నారు కాబట్టి ఆ అనుమానం నాకు మరింత బలంగా ఉంది.

దీన్ని తేల్చుకోవడం కష్టం కాదు. ల్యాబుకు ఆయన్నే తీసుకెళ్లి, ఈడీటీఏకు బదులు సిట్రేట్ అనే రసాయనం ఉండే, లేత నీలం మూత గొట్టంలో కూడా రక్తం తీయమనండి. వెంటనే లెక్క చూడమనండి. సిట్రేట్ ద్రవం వల్ల రక్తం కొంచెం పలుచబడుతుంది కనుక వచ్చిన అంకెను 1.1తో గుణించాలి. ల్యాబువాళ్లకు ఇది తెలుసు, అయినా గుర్తుచేయడంలో తప్పులేదు. దాంతోపాటు రక్తాన్ని గాజుపలక మీద పలుచగా పరిచి రంగు వేసిన స్లైడును పెథాలజిస్టు స్వయంగా చూడాలని అడగండి. నూరు రెట్ల కటకం కింద ఒక్కసారి కనిపించే మేరలో ఉన్న ఒక్కో ప్లేట్‌లెట్‌నూ మేము సుమారు 15,000 కింద లెక్క వేసుకుంటాం. సగటున ఎనిమిది కనిపిస్తే లక్షా ఇరవై వేలన్నమాట. స్లైడు అంచున, రక్తం పలుచబడి ఈకలా ముగిసే చోట, ఊదారంగు చుక్కలు ద్రాక్షగుత్తుల్లా పోగుపడి ఉంటే యంత్రం చెప్పిన అంకెను నమ్మం. రెండో ల్యాబులో ఎవరో శ్రద్ధగా స్లైడు చూసి ఆ ఒక్క మాట రాశారు. ఆ మాటను ఇంట్లో ఎవరూ పట్టించుకోలేదు. లావుగా అచ్చయిన అంకె మీదే అందరి కళ్లూ పడ్డాయి.

ఇక క్యాన్సర్ భయం. ‘రియాక్టివ్ లింఫోసైట్లు’ అన్నది వినడానికి వింతగా ఉంటుంది గానీ, వైరస్‌ను గుర్తుపట్టి పనిలోకి దిగిన లింఫోసైట్లు అని దాని అర్థం. ఊరకే తిరిగే లింఫోసైటు చిన్నగా, గుండ్రంగా ఉంటుంది. కణమంతా ముదురు ఊదారంగు కేంద్రకమే, చుట్టూ సన్నటి నీలి అంచు. అదే పోరుకు దిగితే రెండింతలు పెరుగుతుంది. చుట్టూ ఉన్న నీలిరంగు భాగం విశాలమవుతుంది. దాని అంచు పక్కనున్న ఎర్రకణాలకు ఒరుసుకుని, వాటి వంపులకు తగ్గట్టు ఒదిగిపోతుంది. ఎర్రకణానికి ఆనుకున్న చోట ఆ అంచు కాస్త ముదురు నీలంగా గీత గీసినట్టు ఉంటుంది. ఒకే స్లైడులో పది రియాక్టివ్ కణాలుంటే పదీ పది రకాలుగా కనిపిస్తాయి. లుకేమియా కణాలైతే అలా ఉండవు. అన్నీ ఒకే అచ్చులో పోసినట్టు ఉంటాయి, కేంద్రకంలోని పదార్థం పలుచగా, నలిగినట్టు కాకుండా నున్నగా పరచుకుని ఉంటుంది. యంత్రం ఈ రెండింటినీ ఒక్కోసారి పోల్చుకోలేక హెచ్చరిక గుర్తు వేస్తుంది. మనిషి కంటితో చూసి తేల్చవలసిన పని అది. కోవిడ్ రోజుల్లో ఇలాంటి కణాలు స్లైడు తర్వాత స్లైడులో కనిపించేవి. గొంతువాపుతో వచ్చే మోనోన్యూక్లియోసిస్ అనే జబ్బులో ఇవి ఎంత ఎక్కువగా ఉంటాయంటే, వందేళ్ల కిందట దాన్ని లుకేమియా నుంచి విడదీసి గుర్తించడమే వైద్యులకు పెద్ద పని అయింది. ఆ జబ్బుకు ఆ పేరు 1920లో అమెరికాలో పెట్టారు.

మీ మామగారి విషయంలో నాకు ధైర్యమిచ్చిన అంకె మరొకటి ఉంది: హిమోగ్లోబిన్ 13.4. ఎర్రకణం దాదాపు 120 రోజులు బతుకుతుంది, ప్లేట్‌లెట్ 7 నుంచి 10 రోజులు, రక్తంలోకి వచ్చిన న్యూట్రోఫిల్ ఒక రోజు కూడా ఉండదు. అందుకే వారం రోజుల వైరస్ జ్వరంలో తెల్లకణాలు, ప్లేట్‌లెట్లు ఊగిసలాడతాయి గానీ హిమోగ్లోబిన్ పెద్దగా కదలదు. ఎముక మజ్జే దెబ్బతిన్న జబ్బుల్లో సాధారణంగా అది కూడా పడిపోతుంది. మూడు రకాల కణాలూ కలిసి తగ్గుతూ పోతే అప్పుడు ఆలోచించాలి. మీరు రాసిన అంకెల్లో ఆ పోకడ లేదు.

ఇప్పుడు ఆ శాతాల సంగతి. మోనోసైట్లు 11 శాతమని లావు అక్షరాల్లో వచ్చిందని, లింఫోసైట్లు 24 శాతం మామూలుగానే ఉన్నాయని మీరు అనుకుని ఉంటారు. నిజానికి పరిస్థితి తలకిందులు. శాతం దేంట్లో శాతమన్నది చూడాలి. 3,200లో 24 శాతమంటే 768. పెద్దవాళ్లకు లింఫోసైట్లు కనీసం 1,000 ఉండాలి. అంటే ఆ రోజు నిజంగా తగ్గినవి అవి, అయినా రిపోర్టు వాటిని మామూలు అక్షరాల్లోనే అచ్చువేసింది. 11 శాతం మోనోసైట్లంటే 352, ఏ లోపమూ లేదు. న్యూట్రోఫిల్స్ 2,080, అదీ హద్దులోనే. ఏడో రోజుకు వస్తే 4,300లో 34 శాతం, అంటే 1,462. ప్లేట్‌లెట్ల ముద్దలు ఇందులో తెల్లకణాలుగా జమపడి ఉండకపోతే, మూడు రోజుల్లో లింఫోసైట్లు దాదాపు రెట్టింపయ్యాయి! మీరు భయపడుతూ పంపిన ఆ రెండో రిపోర్టులో కోలుకుంటున్న మనిషి నాకు కనిపిస్తున్నాడు. ‘ఆబ్సల్యూట్ కౌంట్’ అనే వరుస చాలా రిపోర్టుల్లో అడుగున ఉంటుంది. లేకపోతే మొత్తాన్ని శాతంతో గుణించి వందతో భాగిస్తే చాలు. పాఠకులందరికీ చెబుతున్నాను, శాతాలు చూసి ఎవరూ రాత్రిళ్లు నిద్ర పోగొట్టుకోవద్దు.

చిన్నపిల్లల రిపోర్టులకు మాత్రం ఈ లెక్క సరిపోదు. నాలుగైదేళ్లు నిండేదాకా పిల్లల రక్తంలో లింఫోసైట్లదే పైచేయి, అది వాళ్లకు సహజం.

మీ అసలు ప్రశ్న చాలా మంచిది. వైరస్ ముక్కులో, గొంతులో, ఊపిరితిత్తుల్లో ఉంటే రక్తంలో మార్పులెందుకు? ఫ్లూ వైరస్ రక్తంలోకి దిగడం అరుదు. అయినా కబురు అంతటా పోతుంది. వైరస్ సోకిన కణాలు ఇంటర్‌ఫెరాన్ అనే పదార్థాన్ని విడుదల చేస్తాయి. ఫ్లూ వైరస్ మీద పనిచేస్తున్న ఐజాక్స్, లిండెన్‌మన్ అనే ఇద్దరు 1957లో దాన్ని కనుగొన్నారు. అది అందగానే లింఫోసైట్లు రక్తప్రవాహాన్ని వదిలి లింఫు గ్రంథుల్లో ఆగిపోతాయి, కొన్ని ఊపిరితిత్తులకు తరలిపోతాయి, కొన్ని చనిపోతాయి కూడా. శరీరంలోని మొత్తం లింఫోసైట్లలో ఏ సమయంలోనైనా రక్తంలో తిరిగేవి రెండు శాతమే. సూది మొనకు అందేది ఆ రెండు శాతమే. ఊరి చివర గడ్డివాముకు నిప్పంటుకుంటే బజారు ఖాళీ అవుతుంది. బజారులో నిలబడి జనాన్ని లెక్కపెట్టేవాడికి ఊరు తగ్గిపోయినట్టే కనిపిస్తుంది. 1918 నాటి ఫ్లూలోనే వైద్యులు తెల్లకణాలు తగ్గడం గమనించారు. 2003 సార్స్‌లో, 2009 స్వైన్‌ఫ్లూలో, 2020 కోవిడ్‌లో లింఫోసైట్ల తగ్గుదలే మళ్లీ మళ్లీ కనిపించింది. కోవిడ్‌లో అది ఎంత లోతుగా, ఎన్ని రోజులు ఉంటే జబ్బు అంత తీవ్రమని తేలింది. ఇసినోఫిల్స్ సున్నా కావడం కూడా ఒళ్లు ఒత్తిడిలో ఉన్నప్పుడు జరిగేదే. కోలుకుంటున్నప్పుడు అవి తిరిగి కనిపిస్తాయి.

ప్లేట్‌లెట్లు కొంత తగ్గడానికి కారణం వేరు. వాపు ఉన్న చోట అవి ఖర్చవుతాయి, మజ్జలో తయారీ కొన్నాళ్లు మందగిస్తుంది. ఆరోగ్యంగా ఉన్న మజ్జ రోజుకు సుమారు పదివేల కోట్ల ప్లేట్‌లెట్లను తయారుచేస్తుంది కాబట్టి జ్వరం తగ్గాక లోటు త్వరగా పూడుతుంది. ఒక్కోసారి రెండు వారాలకు మామూలు కంటే ఎక్కువకు పోతాయి కూడా. అప్పుడు మళ్లీ కంగారుపడకండి, దిగివస్తాయి.

హెచ్3ఎన్2లోని హెచ్ అక్షరానికీ రక్తకణాలకీ ఒక పాత చుట్టరికం ఉంది. 1941లో జార్జ్ హర్‌స్ట్ అనే శాస్త్రవేత్త ఫ్లూ వైరస్ పెంచిన కోడిగుడ్లతో పనిచేస్తుండగా, ఆ గుడ్లలోని ద్రవంలో కలిసిన ఎర్రకణాలు గుంపులు కట్టడం చూశాడు. వైరస్ మీద ఉండి ఆ పని చేసే మాంసకృత్తుకు ‘రక్తకణాలను గుంపుకట్టించేది’ అనే అర్థం వచ్చేలా హీమగ్లూటినిన్ అన్నారు. హెచ్ అంటే అదే. టీకాలో ఏ రకం ఉండాలో పోల్చడానికి ప్రయోగశాలల్లో ఆ పరీక్షను నేటికీ వాడుతున్నారు. మీ మామగారి ఒంట్లో మాత్రం వైరస్ అలా ఎర్రకణాలను గుంపుకట్టించదు, ఆ భయం వద్దు.

రెండో రోజు చేసిన ఆ ఇంజెక్షన్ ఏమిటో కనుక్కోండి. గొడవ పడకుండా, మర్యాదగా అడిగి పేరు రాయించుకోండి. జ్వరానికి స్టెరాయిడ్ ఇచ్చే అలవాటు మన ఊళ్లలో ఇంకా ఉంది. స్టెరాయిడ్ పడితే కొన్ని గంటల్లోనే న్యూట్రోఫిల్స్ పెరుగుతాయి, లింఫోసైట్లు, ఇసినోఫిల్స్ పడిపోతాయి. రిపోర్టు చూసినవాళ్లు దాన్ని బ్యాక్టీరియా అనుకుని యాంటీబయాటిక్ రాసే ప్రమాదం ఉంది. అంతకంటే ముఖ్యం, షుగర్ ఉన్నవాళ్లకు అది చక్కెరను ఒక్కసారిగా ఎగదోస్తుంది. కోవిడ్‌లో ఆక్సిజన్ అవసరమైనవారికి డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ప్రాణం కాపాడుతుందని 2020లో బ్రిటన్‌లో పెద్ద పరీక్షలో రుజువైంది. ఆక్సిజన్ అవసరం లేనివారికి దానివల్ల మేలు కనిపించలేదు. ఫ్లూకు దాన్ని ఇష్టం వచ్చినట్టు వాడటం మంచిది కాదు. ఈ వారమంతా ఆయన చక్కెరను ఉదయం, సాయంత్రం చూస్తూ ఉండండి.

ప్లేట్‌లెట్లు ఎక్కించమంటున్న బంధువులది ప్రేమేనని నాకు తెలుసు. కానీ రక్తస్రావం లేని మనిషికి సాధారణంగా 10,000 కంటే తగ్గితేనే ఎక్కిస్తారు. అనవసరంగా ఎక్కిస్తే జ్వరం, దద్దుర్లు, అరుదుగా ఊపిరితిత్తుల్లో నీరు చేరడం లాంటివి జరగవచ్చు, అది కూడా ఊపిరితిత్తులే అలసిపోయి ఉన్న మనిషికి. బొప్పాయి ఆకు రసం డెంగీలో ప్లేట్‌లెట్లను కొంచెం త్వరగా పెంచుతుందని కొన్ని చిన్న పరిశీలనలు చెప్పాయి గానీ, అది రక్తస్రావాన్ని ఆపిందనో ప్రాణం నిలిపిందనో గట్టి ఆధారం లేదు. ఫ్లూలో దాని అవసరమే లేదు. ఆ చేదుకు వాంతి చేసుకుంటే తిన్న కాస్త అన్నమూ పోతుంది. దానికి బదులు పలుచని జావ, మజ్జిగ, పప్పుకట్టు ఇవ్వండి. ఒళ్లునొప్పులకు పారాసిటమాల్ ఒక్కటే, డాక్టరు చెప్పిన మోతాదులో. ఐబుప్రొఫెన్, డైక్లోఫెనాక్ లాంటి నొప్పి మాత్రలు మందుల దుకాణంలో అడిగి తెచ్చి వేయొద్దు.

అంకెలకంటే ఎక్కువగా మీరు గమనించవలసింది ఆయన ఊపిరి. వేలికి పెట్టే ఆక్సీమీటరులో 94 కంటే తగ్గినా, మాట్లాడుతూ మధ్యలో ఆగి ఊపిరి తీసుకుంటున్నా, ఛాతీలో బరువుగా ఉందన్నా, తికమకగా మాట్లాడినా, మూత్రం బాగా తగ్గినా ఆ రాత్రే ఆసుపత్రికి తీసుకెళ్లండి. చిగుళ్ల నుంచి, ముక్కు నుంచి రక్తం, నల్లటి మలం, కాళ్ల మీద గుండుసూది మొనంత ఎర్రచుక్కలు కనిపించినా అంతే. ఇంకొకటి చాలామంది ఏమరుపాటున వదిలేస్తారు. ఫ్లూ తగ్గినట్టే తగ్గి, రెండు మూడు రోజుల తర్వాత మళ్లీ చలిజ్వరం వచ్చి, పచ్చటి లేదా తుప్పురంగు కఫం మొదలైతే అది బ్యాక్టీరియా వల్ల వచ్చిన న్యుమోనియా కావచ్చు. అప్పుడు సీబీపీ ముఖం మారిపోతుంది. తెల్లకణాలు పన్నెండు, పదిహేను వేలకు ఎగబాకుతాయి. స్లైడులో ఇంకా ముదరని న్యూట్రోఫిల్స్ కనిపిస్తాయి, వాటిలో ముతక రేణువులు, లేతనీలం మచ్చలు ఉంటాయి. యాంటీబయాటిక్ అప్పుడు కావాలి, ఆలస్యం లేకుండా కావాలి. ఆయనకు షుగర్ ఉంది కనుక ఇంకో వారం రోజులు ఈ విషయంలో కళ్లు తెరుచుకుని ఉండండి.

రోజూ రక్తం తీయించొద్దు. సిట్రేట్ గొట్టంతో ఇప్పుడు ఒకసారి, బాగుంటే రెండు మూడు వారాల తర్వాత ఒకసారి చాలు. అప్పటికి అంకెలన్నీ హద్దులోకి రావాలి. ఆరు నుంచి ఎనిమిది వారాలు దాటినా లింఫోసైట్లు 1,000 లోపే ఉంటే, ప్లేట్‌లెట్లు నిజంగానే లక్షకు తక్కువగా నిలిచిపోతే, మెడలోనో చంకలోనో గడ్డలు తగిలితే, బరువు తగ్గితే రక్తవ్యాధుల నిపుణుడికి చూపించండి. ఈడీటీఏతో గుంపుకట్టే గుణం నిజమని తేలితే ఆ మాటను ఒక చీటీ మీద రాసి ఆయన ఆరోగ్య కాగితాలన్నిటికంటే పైన పెట్టండి. రేపు ఏ ఆపరేషన్‌కు వెళ్లినా ఇదే గందరగోళం మళ్లీ తలెత్తుతుంది. పూర్తిగా కోలుకున్నాక ఏటా వేయించుకునే ఫ్లూ టీకా గురించి డాక్టరును అడగండి. ఆ వయసు, షుగరు, గుండెజబ్బు, మూడూ ఉన్న మనిషికి అది తప్పనిసరిగా వేయించవలసిందే అని నా అభిప్రాయం.

సిట్రేట్ రిపోర్టు రాగానే, ఆస్పిరిన్ గురించి డాక్టరు ఏమన్నారో కూడా కలిపి నాకు రాయండి. ఎదురుచూస్తుంటాను.